మూడు పూతల తర్వాతా కారిన స్లాబ్: గోదావరి డెల్టాలో ఒక ఇంటి కేసు

గోదావరి డెల్టాలో ఒక చిన్న పట్నం. అక్కడ ఒక ఇంటి స్లాబ్ 2021 సెప్టెంబరు నుంచి 2023 డిసెంబరు దాకా నా చేతిలో ఉంది. లీకేజీ పనుల్లో చాలా ఏళ్ళుగా ఉన్నాను, లెక్కలేనన్ని డాబాలు ఎక్కాను. ఈ ఒక్కదాన్ని వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇల్లు కారడం గురించి మనవాళ్ళకు ఉన్న నమ్మకాలు దాదాపు అన్నీ ఈ ఒక్క స్లాబ్ మీద పొరలు పొరలుగా పేరుకుని ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని నేను కూడా నమ్మి, పెద్దవాళ్ళిద్దరి చేత ఇంకో వానాకాలం హాల్లో బకెట్ పెట్టించాను. ఊరు, మనుషులు గుర్తుపట్టే వివరాలు తీసేశాను. కొలతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

ఇల్లు

2006లో కట్టారు. ఒకటే అంతస్తు. ఉత్తర దక్షిణాలు 40 అడుగులు, తూర్పు పడమరలు ఇరవై ఏడున్నర. మొత్తం 1100 చదరపు అడుగులు, అంటే సుమారు 102 చదరపు మీటర్లు. స్లాబ్ మీద ఇటుక ముక్కలు పరిచి, సిమెంటు పాలు పోసి, పైన గచ్చు చేశారు. మన వైపు మామూలుగా చేసే పనే. చుట్టూ మూడడుగుల పిట్టగోడ, నాలుగున్నర అంగుళాల ఇటుక కట్టుబడి. నైరుతిలో నీళ్ళ ట్యాంకు.

వాస్తు ప్రకారం వాటం, అంటే నీళ్ళు పారే వాలు, ఈశాన్యానికి పెట్టారు. దానికి నాకు అభ్యంతరం లేదు, కానీ లెక్క చూసుకోవాలి. నైరుతి మూల నుంచి ఈశాన్యం మూలకు ఐమూలగా కొలిస్తే దాదాపు 15 మీటర్లు. నూటికి ఒకటి వాటం రావాలంటే ఈ చివరకూ ఆ చివరకూ 15 సెంటీమీటర్ల తేడా ఉండాలి, అంటే ఆరంగుళాలు. అక్కడ ఉన్నది రెండంగుళాలు.

నీళ్ళు దిగడానికి రెండే గొట్టాలు. ఒక్కోటి మూడంగుళాలు, రెండూ ఈశాన్యం మూల దగ్గరే. గంటకు 100 మిల్లీమీటర్ల జోరుతో వాన పడుతుందనుకుని లెక్కేస్తే, డిజైన్లో మేం వాడే పట్టిక ప్రకారం మూడంగుళాల గొట్టం సుమారు 20 చదరపు మీటర్ల కప్పుకు సరిపోతుంది. రెండూ కలిపి 40. డాబా చూస్తే 102. తుపాను వానల్లో ఆ జోరు కాసేపైనా వస్తుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఆ లెక్కన గంటలో పది వేల లీటర్ల పైనే నీళ్ళు ఆ రెండు గొట్టాల్లోంచి దిగాలి. దిగలేనివి డాబా మీద చెరువులా నిలిచి పిట్టగోడ మొదలును నానబెడతాయి. ఈ లెక్క మొదటి రోజే వేసి ఉంటే నాకు సగం దారి కనిపించేది. వెయ్యలేదు.

వాళ్ళు చెప్పిన ఇబ్బంది

ఇంట్లో ఉండేది రిటైరైన టీచరు గారు, ఆయన భార్య. ఆయన్ని ఇక్కడ మాస్టారు అంటాను. "వాన పడుతున్నంతసేపూ ఒక్క చుక్క పడదు బాబూ. వెలిసి, ఎండ కాసిన మర్నాడు మొదలవుతుంది. ఇక నాలుగైదు రోజులు పడుతూనే ఉంటుంది" అన్నారాయన. చుక్క పడేది హాలు మధ్యలో, ఫ్యాను కొక్కెం దగ్గర. దాని కింద స్టీలు బకెట్ ఉంది. బకెట్లో పాత తువ్వాలు మడిచి వేసి ఉంచారు అమ్మగారు. రాత్రిపూట చుక్క చప్పుడుకు మాస్టారికి నిద్ర పట్టదట. ఆ తువ్వాలు చూశాక, ఈ పని ఎలాగైనా తేల్చాలని గట్టిగా అనుకున్నాను.

ఇంకా రెండు చోట్ల బాధ ఉంది. ఈశాన్యంలో దేవుడి గది సీలింగు పసుపచ్చగా మరకలు కట్టింది. నైరుతి పడకగదిలో పైమూల మాత్రం ఏప్రిల్, మే నెలల్లో కూడా చెమ్మగానే ఉంటుంది. "పోయిన ఏడాది తాగిన నీళ్ళే ఇంకా ఉన్నాయి" అని వాళ్ళ నమ్మకం.

ఫ్యానుకు కరెంటు తీయించాను. మిగతావన్నీ ఆ తర్వాత. స్లాబ్‌లోని కరెంటు పైపుల్లో నీళ్ళున్నప్పుడు ఆ స్విచ్ వాడకూడదు.

అంతకుముందు జరిగినవి

మొదటి రిపేరు 2013లో. పాత గచ్చు మీదే చిక్కటి సిమెంటు పాలు పోసి, ఒక పాలు సిమెంటుకు రెండు పాళ్ళ ఇసుక కలిపిన మాలుతో ఒకటిన్నర అంగుళం గచ్చు వేశారు. సిమెంటు ఎంత ఎక్కువైతే నీళ్ళు అంత బాగా ఆగుతాయన్నది మనలో బాగా పాతుకుపోయిన నమ్మకం. సిమెంటు వంతు పెరిగేకొద్దీ మాలు ఆరేటప్పుడు ఎక్కువగా కుంచించుకుపోతుంది. కుంచించుకోవడానికి చోటు లేక చిట్లుతుంది. ఈ గచ్చు మీద రెండో వేసవికే ఎండిన చెరువు అడుగులా నెర్రెలు వచ్చాయట.

రెండోది 2017లో. తెల్లటి వాటర్‌ప్రూఫ్ పెయింటు, పదేళ్ళ గ్యారంటీ. రెండేళ్ళు బాగానే ఉంది, తర్వాత నీళ్ళు నిలిచే చోటల్లా పొరలు పొరలుగా లేచిపోయింది. ఆ రకం యాక్రిలిక్ పూత వాన పడి జారిపోయే కప్పుకు పనికొస్తుంది. రోజుల తరబడి నీళ్ళలో నానితే మెత్తబడి పట్టు వదిలేస్తుంది. పైగా పూతను నేల మీద పిట్టగోడ మొదలు దాకా తెచ్చి ఆపేశారు, గోడ మీదికి ఒక్క అంగుళం కూడా ఎక్కించలేదు.

మూడోది లోపల్నుంచి. సీలింగుకు తడి ఆపే పుట్టీ పెట్టి రంగు వేశారు. పైనుంచి వచ్చే నీటికి కింద తలుపు వేస్తే అది స్లాబ్‌లోనే నిలిచి, పక్కకు పాకుతుంది. అంతకుముందు ఒక్క చోటే ఉన్న మరక ఆ తర్వాత హాలంతా పాకింది. లోపల చువ్వలు తుప్పు పట్టడానికి ఇంతకంటే అనువైన పరిస్థితి ఉండదు.

నన్ను పిలిచే సమయానికి వాళ్ళు రేకుల షెడ్డుకు కొటేషన్ తీసుకుని ఉన్నారు. షెడ్డు వేస్తే సమస్య శాశ్వతంగా పోతుందని బంధువులు చెప్పారు. తీరప్రాంతంలో వాన నిట్టనిలువుగా పడదు. ఏటవాలుగా వచ్చి పిట్టగోడనే కొడుతుంది, షెడ్డు కింద కూడా. పైగా గాలివానల్లో రేకులు నిలవాలంటే స్తంభాలు, బోల్టులు గట్టిగా ఉండాలి, అంత ఖర్చు ఎవరూ పెట్టరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో రేకులు ఎంత దూరం ఎగిరాయో చూసినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. షెడ్డు వద్దని మాన్పించాను. ఆ సలహా సరైనదే. దాని బదులు నేను చేసింది మాత్రం తప్పు.

నా మొదటి నిర్ణయం

సెప్టెంబరు రెండో వారంలో డాబా ఎక్కాను. హాలుకు సరిగ్గా పైన నెర్రెలు కనిపించాయి. ఇనుప చువ్వతో తడితే అక్కడక్కడ బోలుగా మోగింది. చుక్క పడేది హాలు మధ్యలో, నెర్రెలున్నది హాలు నెత్తిన. ఇక వేరే ఆలోచన రాలేదు. కారిన చోటికి పైనే చిల్లు ఉంటుందన్న నమ్మకం ఇంజనీరును కూడా వదలదు.

వాన నాలుగు రోజులు తెరిపి ఇచ్చింది. నెర్రెలు గాడి తీసి నింపి, ఫైబర్ జాలీ పరిచి, రెండుసార్లు పూత వేయించాను. పైన ముట్టుకుంటే పొడిగానే ఉంది కదా అనుకున్నాను. సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది, మాకూ గట్టిగా వానలు పడ్డాయి. అక్టోబరు మొదట్లో మాస్టారు ఫోన్ చేసి "ఒకసారి పైకి వచ్చి చూడు బాబూ" అన్నారు, అంతే. వెళ్ళి చూస్తే నా పూత పూరీల్లా పొంగి ఉంది. ఒక బుడగను కత్తితో కోశాను. లోపల్నుంచి నీళ్ళు వచ్చాయి. వేలు పెడితే గోరువెచ్చగా ఉన్నాయి.

ఆ నీళ్ళే నాకు జవాబు. పూత పగల్లేదు, చిరగలేదు. అంటే నీళ్ళు పైనుంచి రాలేదు. పూత వేసేనాటికే కింద ఉన్నాయి. ఎండకు ఆవిరై పైకి తోసుకొచ్చాయి. గచ్చు పైపొర ఎండినా దాని కింద నాలుగంగుళాల ఇటుక ముక్కలు స్పాంజిలా నీళ్ళు పట్టుకుని ఉన్నాయి. వాన వెలిసిన మర్నాడు చుక్క మొదలై నాలుగైదు రోజులు పడుతుందని మాస్టారు మొదటి రోజే చెప్పారు. నేరుగా చిల్లు ఉంటే వాన పడుతుండగానే కారాలి. ఆలస్యంగా మొదలై నిదానంగా ఆగుతోందంటే మధ్యలో ఎక్కడో నిల్వ ఉందని అర్థం. ఆయన అంత స్పష్టంగా చెప్పినా నేను అందులో ఉన్న అర్థం వినలేదు.

ఆ పనికి తీసుకున్న డబ్బు మొత్తం తిరిగి ఇచ్చాను. ఆ వానాకాలం మళ్ళీ ఏ పూతా వేయనని చెప్పాను. తడి మీద ఇంకేం వేసినా ఇలాగే పొంగుతుంది. గొట్టాల మూతులు శుభ్రం చేయించి, అవతలి పక్క పిట్టగోడ అడుగున తాత్కాలికంగా రెండు కన్నాలు కొట్టించి, నీళ్ళు నిలవకుండా మాత్రం చూశాను.

వెతకడం

డిసెంబరు చివర్లో వానలు వెనక్కి తగ్గాక మొదలుపెట్టాం. ముందు పొడితనం చూశాను. అడుగున్నర చదరం ప్లాస్టిక్ షీటు గచ్చు మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో మూసి, ఒక రోజు వదిలేస్తే చాలు. అడుగున తడి ఉంటే షీటు లోపలివైపు నీటి బొట్లు పడతాయి. ఐదు చోట్ల వేశాను. నడిమధ్యలో వేసింది దాదాపు పొడిగా ఉంది. ఈశాన్యంలో, తూర్పు పిట్టగోడ వెంట, నైరుతి ట్యాంకు దగ్గర వేసినవి చెమట పట్టాయి. ఈ పరీక్షకు అయ్యే ఖర్చు ప్లాస్టిక్ షీటు ఖర్చే. సెప్టెంబరులో నేను చేయనిది ఇదే.

తర్వాత డాబాను ఇటుకలు, బంకమట్టి గట్లతో ఐదు మడులుగా విడగొట్టాం. ఒక్కో మడిలో రెండంగుళాల నీళ్ళు నింపి, మిగతావి పొడిగా ఉంచి, కింద టైం రాసుకుంటూ కూర్చోవడమే. అందరూ స్లాబ్ మొత్తం ఒకేసారి నింపి "కారుతోంది" అని తేలుస్తారు. కారుతోందని మనకు ముందే తెలుసు, ఎక్కడినుంచన్నది కదా కావాలి.

నడిమధ్య మడి, నెర్రెలున్నది, సరిగ్గా హాలు మీద ఉన్నది, 48 గంటలు నింపి ఉంచాం. ఒక్క చుక్క పడలేదు. నేను సెప్టెంబరులో పూత వేసింది అక్కడే. ఈశాన్యం మడి ఉదయం ఎనిమిదికి నింపాం. మధ్యాహ్నం ఒంటిగంటకు హాలు ఫ్యాను దగ్గర చుక్క పడింది. మడి అంచు నుంచి ఫ్యానుకు పదకొండు అడుగుల దూరం. నీళ్ళలో పచ్చరంగు కూడా కలిపాను కానీ కింద పడిన చుక్కలో రంగు లేదు. ఇటుక పొర దాన్ని వడకట్టేసింది. రంగు మీద నమ్మకం పెట్టుకుని టైం రాసుకోకపోయుంటే ఇంకోసారి దారి తప్పేవాణ్ణి.

దారి ఇలా ఉంది. గొట్టం మూతి చుట్టూ ప్లాస్టిక్‌కీ సిమెంటుకీ మధ్య సందు ఉంది. ప్లాస్టిక్ ఎండకు సాగినంత సిమెంటు సాగదు కాబట్టి కొన్నేళ్ళకు ఆ సందు వస్తుంది. అందులోంచి నీళ్ళు ఇటుక పొరలోకి, అక్కడినుంచి స్లాబ్ పైముఖం మీద పాకుతూ కరెంటు పైపు జాయింటులోకి, పైపు వెంట ఫ్యాను డబ్బాలోకి. స్లాబ్ పోసేటప్పుడు కరెంటు పైపులన్నీ ఫ్యాను దగ్గరికి చేరేలా వేస్తారు. అందుకే చాలా ఇళ్ళలో లీకేజీ ఎక్కడున్నా చుక్క ఫ్యాను దగ్గర పడుతుంది.

నైరుతి సంగతి వేరే. ఆ మడి నింపకముందే మాస్టారిని ట్యాంకు మోటారు ఎప్పుడు కట్టేస్తారని అడిగాను. "నిండాక చప్పుడు వినిపిస్తుంది, అప్పుడు కట్టేస్తాం" అన్నారు. చప్పుడంటే ట్యాంకు పొంగి గచ్చు మీద పడే చప్పుడు. రోజూ, ఎండాకాలంలో కూడా. పది రోజులు పొంగకుండా చూడమన్నాను. పడకగది మూల ఆరడం మొదలైంది. పోయిన ఏడాది నీళ్ళు కావవి, ఆ ఉదయం నీళ్ళు.

పగలగొట్టి చూస్తే

ఫిబ్రవరి మొదటి వారంలో ఈశాన్యం మూలలో మేస్త్రి గారు ఉలి పెట్టారు. అప్పటికి వాన పడి నెలన్నర దాటింది. గచ్చు పెచ్చు లేచింది, దాని కింద ఇటుక ముక్కలు నల్లగా, పాచివాసనతో ఉన్నాయి. ఒక ముక్క తీసి పిడికిట్లో నొక్కితే వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి. కాసేపటికి ఆ గుంటలో అంగుళం లోతు నీళ్ళు ఊరాయి.

పిట్టగోడ మొదట్లో జానెడు రావి మొక్క ఉంది. ఎప్పుడూ కోస్తూనే ఉన్నారట, మళ్ళీ మొలుస్తూనే ఉంది. దాని వేరు గోడకూ గచ్చుకూ మధ్య సందులో తెల్లటి దారంలా ఏడడుగులు పోయింది. ఆ వేరు వెంట తవ్వుకుంటూ పోతే నీటి దారి మొత్తం కనిపించింది. డాబా మీద రావి మొక్క కనిపిస్తే ఆ మొదట్లో ఏడాది పొడవునా తడి ఉందని అర్థం. అమ్మగారు దండం పెట్టుకున్నాక దాన్ని వేళ్ళతో సహా తీసి గుడి వెనక నాటించాం.

పిట్టగోడ దగ్గర సందు ఎందుకు వస్తుందో మాస్టారికి లెక్కేసి చూపించాను, ఆయన లెక్కల టీచరు. కాంక్రీటు ఒక డిగ్రీ వేడికి మీటరుకు సుమారు 10 మైక్రాన్లు సాగుతుంది, మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 12 మీటర్ల స్లాబ్, పగటికీ రాత్రికీ 30 డిగ్రీల తేడా అనుకుంటే, మూడున్నర మిల్లీమీటర్ల పైన కదలిక. ఇటుక గోడ దాదాపు అందులో సగమే కదులుతుంది. ఈ రెండూ కలిసే గీత మీద గట్టి సిమెంటు పూత ఎన్నిసార్లు వేసినా ఏదో ఒక మధ్యాహ్నం చిట్లుతుంది. ఆయన కాగితం మీద గుణించి చూసుకుని, "అయితే కప్పుకి మధ్యలో కాదు జబ్బు, అంచుల్లో" అన్నారు.

తీసేయాలా, పైన వేయాలా

మేస్త్రి గారి సలహా, ఆ గచ్చు మీదే ఇంకో నాలుగంగుళాల ఇటుక పొర వేసి వాటం సరిచేయమని. చౌక, తొందరగా అవుతుంది. మనవాళ్ళందరూ చేసేదీ అదే. నేను బరువు లెక్క ముందుపెట్టాను. నాలుగంగుళాల ఇటుక పొర చదరపు మీటరుకు సుమారు 180 కిలోలు, 2013 గచ్చు ఇంకో 80. డాబా మీద ఇప్పటికే 26 టన్నులు ఉన్నాయి, అదీ పొడిగా ఉంటే. మనుషులు తిరిగే డాబాకు మనం డిజైన్లో పట్టుకునే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోలు. ఇంకో పొర వేస్తే ఆ వెసులుబాటంతా అక్కడే ఖర్చయిపోతుంది, తడి పొర అడుగున అలాగే బందీగా ఉంటుంది. మొత్తం తీసేయడమే అని నిర్ణయించాం.

మిషను వాడనివ్వలేదు. పదహారేళ్ళ స్లాబ్, లోపల చువ్వలు ఎలా ఉన్నాయో తెలియదు. ఉలి, సుత్తితోనే పని. తీసిన రద్దు డాబా మధ్యలో కుప్ప పోయకుండా ఏ రోజుది ఆ రోజే దింపించాం. పదిహేడు రోజులు పట్టింది. బయటపడ్డ స్లాబ్ మార్చి నెలంతా ఎండలో ఆరింది. ఈ ఎదురుచూపు అందరికీ కష్టంగా ఉంటుంది, పని ఆగిపోయినట్టు కనిపిస్తుంది. నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికంటే విలువైన పని ఆ నెల రోజుల ఎండే చేసింది.

హాల్లో కిందివైపు పుట్టీ గీకించాం. ఫ్యాను చుట్టూ నాలుగడుగుల మేర పెచ్చులు ఊడి చువ్వలు తేలాయి. తుప్పు పట్టిన ఇనుము తన అసలు పరిమాణానికి కొన్ని రెట్లు ఉబ్బుతుంది, కాంక్రీటును లోపల్నుంచి చీలుస్తుంది. అదృష్టవశాత్తూ చువ్వల మందం పెద్దగా తగ్గలేదు. కింద సపోర్టులు పెట్టి, తుప్పు రాలగొట్టి, చువ్వలకు జింక్ ప్రైమర్ పూసి, పాలిమర్ కలిపిన మాలుతో పూడ్చాం. చువ్వలు బాగా సన్నబడి ఉంటే ఈ కథ వేరే దారి పట్టేది.

పూత, వాటం, గొట్టాలు

పూతకు రెండు దారులు. పాలియూరిథేన్ అనే రబ్బరు లాంటి పూత బాగా సాగుతుంది కానీ పూర్తి పొడి కావాలి. రెండు భాగాలు కలిపి వేసే పాలిమర్ సిమెంటు పూత కొంచెం తక్కువ సాగుతుంది, కానీ కాస్త తడి ఉన్న కాంక్రీటును కూడా పట్టుకుంటుంది, ఆవిరిని బయటికి పోనిస్తుంది. ఒకసారి పూరీలు చూసినవాణ్ణి కాబట్టి రెండోది ఎంచుకున్నాను. పైన ఎలాగూ కాంక్రీటు పొర వస్తుంది, ఎండ తగలదు.

పూతకు ముందు చేసిన పనే అసలు పని. పిట్టగోడ, స్లాబ్ కలిసే చోట పదునైన మూల లేకుండా గుండ్రటి మాలు పట్టీ తీశాం, పూత ఆ మలుపులో చిట్లకుండా. గోడ మీద అడుగు ఎత్తున గాడి కోసి, పూతను అక్కడి దాకా ఎక్కించి గాడిలో దూర్చి మూశాం. పాత గొట్టాలు రెండూ పీకేసి, తూర్పు వైపు నాలుగంగుళాలవి నాలుగు పెట్టాం. పట్టిక ప్రకారం ఒక్కోటి 42 చదరపు మీటర్లకు వస్తుంది, మూడు చాలు. నాలుగోది ఆకులు అడ్డుపడ్డ రోజుకి. ఒక్కో మూతి చుట్టూ గుంట తీసి, జాలీ వేసి, పూతను గొట్టం లోపలి దాకా దింపాం. పిట్టగోడ నెత్తి మీద లోపలికి వాలుగా పలక పోశాం. ఆ గోడ నెత్తి చిట్లి, నీళ్ళు గోడలోంచి పూత వెనక్కి దిగడం చాలా ఇళ్ళలో చూశాను.

వాటం గురించి మాస్టారితో కాస్త చర్చ జరిగింది. నా లెక్కన మధ్యలో గట్టు పెట్టి రెండు వైపులా పంపితే పొర పలచగా, తేలికగా వస్తుంది. పడమరకు నీళ్ళు పోవడానికి అమ్మగారు ఒప్పుకోలేదు. నేనూ పట్టుబట్టలేదు. మొత్తం తూర్పుకి వాలిస్తే దూరం 8.4 మీటర్లే, నాలుగు గొట్టాల్లో ఒకటి ఈశాన్యంలోనే ఉంటుంది. సగటున రెండున్నర అంగుళాల సన్నకంకర కాంక్రీటు, చదరపు మీటరుకు 150 కిలోలు. పాతదానికంటే 110 కిలోలు తక్కువ. ఇంటివాళ్ళ నమ్మకానికీ నీటికీ రెండింటికీ సరిపోయే వాటం దొరికినప్పుడు వాదించి గెలవాల్సిన పని లేదు.

ఏప్రిల్ చివరికి పూత అయింది. 72 గంటలు నీళ్ళు నింపి చూసి, ఆ తర్వాతే కాంక్రీటు పొర వేయాలనుకున్నాం. నింపాం, కింద పొడిగానే ఉంది. పొర సగం పడేసరికి అసని తుపాను దారి మార్చుకుని మా వైపు తిరిగింది. మే 11న మచిలీపట్నం, నరసాపురం మధ్య తీరం దాటింది. ఆ ముందు రాత్రి నాకు నిజంగా టెన్షనే. పొర వేయని సగంలో పూత మీద టార్పాలిన్లు కప్పి ఇసుక బస్తాలు పెట్టాం. మర్నాడు సాయంత్రం మాస్టారు ఫోన్లో "బకెట్ పొడిగా ఉంది" అన్నారు. నేను తొందరపడలేదు. నాలుగు రోజులు ఆగి, ఎండ కాసిన రెండో రోజున వెళ్ళి చూశాను. అప్పుడు కూడా పొడిగానే ఉంది.

మిగతా పొర రెండు మీటర్ల గళ్ళుగా విడగొట్టి వేశాం, గళ్ళ మధ్య సందుల్లో సాగే సీలెంటు నింపాం. గీతలుంటే నీళ్ళు దిగుతాయని మేస్త్రి గారు భయపడ్డారు. మనం గీత ఇవ్వకపోతే ఎండ తనకు తోచిన చోట ఇస్తుందని చెప్పాను. ట్యాంకుకు నిండగానే నీళ్ళు ఆపే ఫ్లోటు, పొంగిన నీళ్ళకు నేరుగా కిందికి గొట్టం పెట్టించాం. మొత్తం ఖర్చు రేకుల షెడ్డుకు అడిగినదానిలో సగం కంటే కాస్త ఎక్కువ అయింది.

తర్వాత

2022 వానాకాలం గడిచింది, 2023 గడిచింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఈ డాబా మీద ఏకధాటిగా వాన పడింది. వారం తర్వాత ప్లాస్టిక్ షీట్లు మళ్ళీ ఐదు చోట్ల వేసి చూశాను. నాలుగు పొడిగా ఉన్నాయి. మెట్ల గది గోడ పక్కన వేసినదానికి మాత్రం సన్నగా చెమట పట్టింది. ఆ గోడకు పూత అడుగు ఎత్తు ఎక్కించలేకపోయాం. తలుపు గడప అడ్డొచ్చింది, ఆరంగుళాల దగ్గర ఆపాం. లోపల మరక లేదు, అయినా వచ్చే ఎండల్లో గడప ఎత్తించి ఆ పని పూర్తి చేయాలని రాసి ఇచ్చాను.

పాత సున్నపు గచ్చు డాబాలు కారేవి కావని మాస్టారు నాతో చాలాసార్లు అన్నారు. నిజమే, కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపి రోజుల తరబడి కొట్టిన గచ్చు సిమెంటు కంటే మెత్తన, కదలికకు కాస్త తట్టుకుంటుంది. కానీ ఆ ఇళ్ళలో ప్రతి ఏడూ వానలకు ముందు ఎవరో ఒకరు డాబా ఎక్కి, తూములు తీసి, నెర్రెలకు సున్నం పట్టించేవారు. ఆ ఎక్కడం మానేసి, పదేళ్ళ గ్యారంటీ పూత మీద భారం వేశాం.

ఇప్పుడు కొత్త ఇంటికి పిలిచినప్పుడు నేను ముందు డాబా ఎక్కను. కింద కూర్చుని మూడు అడుగుతాను: చుక్క వాన పడుతుండగా పడుతుందా, వెలిశాకా? ఎండాకాలంలో చెమ్మ ఉందా? ట్యాంకు నిండినట్టు ఎలా తెలుస్తుంది? ఆ జవాబులు రాసుకున్నాకే మెట్లెక్కుతాను, ఎక్కాక మొదట చూసేది గొట్టాల మూతులు, పిట్టగోడ మొదలు. నెర్రెల సంగతి ఆ తర్వాత. ప్లాస్టిక్ షీటు చెమట పడితే, ఇంటివాళ్ళు ఎంత తొందరపెట్టినా ఆ రోజు పూత డబ్బా మూత తీయను.

మాస్టారు మే నెలాఖరులో ఒక ఆదివారం డాబా ఎక్కి నాలుగు గొట్టాల మీది జాలీలు తీసి కడుగుతారు. ఒక్కో గొట్టంలో చెంబుడు నీళ్ళు పోసి, కింద అమ్మగారు "వచ్చాయండీ" అనే దాకా ఆగుతారు.